ఏ ఏటి పంట ఆ ఏటిదే: షాతో ముసార్ పుట్టుపూర్వోత్తరాలు

లెబనాన్‌లో తయారయ్యే షాతో ముసార్ ఎర్ర వైన్, ద్రాక్ష కోసిన ఏడేళ్లకు గానీ అంగడికి రాదు. కరెంటు, బ్యాంకులు, ప్రభుత్వం, ఏదీ ఏడేళ్లు నిలకడగా ఉంటుందన్న భరోసా లేని దేశమది. అక్కడ ఒక కుటుంబం తరతరాలుగా ఇంత ఓపిక పట్టగలిగిందంటే, అందుకు కారణం ఆ ఇంటి చరిత్రలోనే ఉంది.

ఆ చరిత్ర 1930లో మొదలైంది. అప్పటికి లెబనాన్ ఫ్రాన్స్ ఏలుబడిలో ఉంది. గాస్టన్ హోషార్‌కు ఇరవై ఏళ్లు. ఫ్రాన్స్‌లోని బోర్డోలో వైన్ తయారీ చూసి వచ్చి, బేరూట్‌కు ఉత్తరాన ఘజీర్ ఊళ్లో పని మొదలుపెట్టాడు. మధ్యధరా సముద్రం కనిపించే ఒక పాత కోట నేలమాళిగలే అతని మొదటి కార్ఖానా. ఆ కోట పేరే వైన్‌కూ వచ్చింది.

ఆ గడ్డకు ద్రాక్షరసం కొత్త కాదు. పూర్వం ఫినీషియన్లు ఇక్కడి వైన్‌ను ఓడల్లో దేశదేశాలకు పంపారు. సైదా పట్టణానికి దక్షిణాన, తెల్ ఎల్ బురాక్‌లో, క్రీస్తుపూర్వం ఏడో శతాబ్దంలో ద్రాక్ష తొక్కిన తొట్టి తవ్వకాల్లో బయటపడింది. బెకా లోయలోని బాల్బెక్‌లో రోమన్లు కట్టిన బాకస్ ఆలయం నేటికీ నిలిచి ఉంది. 1857లో జెసూట్ సన్యాసులు అదే లోయలోని క్సారాలో మళ్లీ తోటలు పెంచారు. గాస్టన్ కూడా తన ద్రాక్ష కోసం బెకానే నమ్ముకున్నాడు. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తు, పగలు మండే ఎండ, రాత్రి చల్లటి గాలి. కాయకు తీపి, పులుపు రెండూ సమంగా పట్టే నేల అది. చిక్కల్లా దూరంతోనే. తోటలు కొండలకు అవతల, కార్ఖానా ఇవతల. కోసిన ప్రతి గుత్తీ లెబనాన్ పర్వతాలు దాటి రావాల్సిందే.

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బోర్డోకు చెందిన వైన్ కుటుంబీకుడు రోనాల్డ్ బార్టన్ సైనికాధికారిగా లెబనాన్‌లో ఉన్నాడు. గాస్టన్‌తో అతనికి గాఢమైన స్నేహం కుదిరింది. గాస్టన్ తన కొడుకుల్లో ఒకరికి రోనాల్డ్ అని పేరు పెట్టుకున్నాడు.

పెద్దకొడుకు సెర్జ్ 1939లో పుట్టాడు. మొదట సివిల్ ఇంజినీరింగ్ చదివాడు. తర్వాత బోర్డోలో, ఆధునిక వైన్ శాస్త్రానికి పెద్దదిక్కైన ఎమిల్ పెనో దగ్గర శిష్యరికం చేశాడు. 1959లో వైన్ తయారీ మొత్తం తనకే వదిలేయమని తండ్రిని అడిగాడు. అప్పటికి సెర్జ్‌కు ఇంచుమించు ఇరవై ఏళ్లు. తండ్రికి యాభై కూడా నిండలేదు. కట్టి నిలిపిన వ్యాపారాన్ని ఆ వయసులో వదులుకోవడం ఏ తండ్రికైనా కష్టమే. గాస్టన్ పక్కకు తప్పుకున్నాడు. 1962లో తమ్ముడు రోనాల్డ్ వచ్చి వ్యాపార లెక్కలు చేపట్టాడు.

సెర్జ్ శాస్త్రమంతా నేర్చుకుని, దాన్ని వీలైనంత తక్కువగా వాడాడు. ద్రాక్ష తొక్క మీద సహజంగా ఉండే ఈస్టుతోనే రసాన్ని పులియనిచ్చాడు. మడ్డి తీసి తళతళలాడించడం, వడకట్టడం మానేశాడు. కాబెర్నే సొవిన్యోఁ, సాన్సో, కారిన్యాన్ అనే మూడు రకాల ద్రాక్షను సిమెంటు తొట్లలో విడివిడిగా పులియబెట్టి, ఏడాదిపాటు ఫ్రెంచి ఓక్ పీపాల్లో ఉంచి, మూడో ఏట కలిపి సీసాలకు ఎత్తేవాడు. ఆపైన సీసాలు నేలమాళిగలో ఏళ్ల తరబడి పడుకోవలసిందే. ఈ ఎర్ర వైన్ తను అనుకున్న రూపానికి రావడానికి సెర్జ్‌కు పద్దెనిమిదేళ్లు, అంటే 1977 దాకా పట్టింది. తెల్ల వైన్‌కు మాత్రం ఒబైదే, మెర్వా అనే స్థానిక రకాలనే వాడాడు. ఒక ఏటి వైన్ మరో ఏటి వైన్‌లా ఉండాలని అతను ఏనాడూ కోరుకోలేదు. ఎండ ఎక్కువైతే ఆ ఎండా, వాన ముందే వస్తే ఆ వానా సీసాలో ఉండాలన్నాడు. ఈ వైన్‌లోని ఘాటును, పులుపు వాసనను కొందరు నిపుణులు దోషమన్నారు. అతను పద్ధతి మార్చుకోలేదు.

1975లో అంతర్యుద్ధం మొదలై 1990 దాకా సాగింది. కొండ దారుల్లో సాయుధ ముఠాల తనిఖీలు, ఫిరంగి గుళ్లు. 1976లో కరెంటు లేదు, దారులు లేవు, వైన్ తీయడమే కుదరలేదు. 1984లో లారీలు రోజుల తరబడి దారిలో చిక్కుకుపోయాయి. ద్రాక్ష కార్ఖానాకు చేరేసరికే పులియడం మొదలైంది. తక్కిన సంవత్సరాల్లో మాత్రం కూలీలు కోశారు, డ్రైవర్లు ప్రాణాలకు తెగించి తెచ్చారు, ఘజీర్‌లో తొట్లు నిండాయి. బాంబులు పడే రోజుల్లో పీపాలుండే నేలమాళిగలే ఇరుగుపొరుగుకు తలదాచుకునే చోటయ్యాయి.

ఊళ్లో కొనేవాళ్లు కరువవడంతో సెర్జ్ సీసాలు పట్టుకుని బయటి దేశాలకు బయలుదేరాడు. 1979లో ఇంగ్లండ్‌లోని బ్రిస్టల్ వైన్ ప్రదర్శనలో విమర్శకుడు మైకేల్ బ్రాడ్‌బెంట్ ఈ వైన్ రుచి చూసి, ఆ ప్రదర్శనకంతటికీ ఇదే గొప్ప ఆవిష్కరణ అని మెచ్చుకున్నాడు. 1984లో బ్రిటిష్ పత్రిక డికాంటర్ తన మొట్టమొదటి ‘ఈ ఏటి మనిషి’ గౌరవాన్ని సెర్జ్‌కే ఇచ్చింది. లారీల్లో ద్రాక్ష పులిసిపోయిన ఏడూ అదే.

సెర్జ్ 2014 డిసెంబరు 31న మెక్సికోలో ఈతకు దిగి కన్నుమూశాడు. అప్పటికే అతని కొడుకులు గాస్టన్, మార్క్ పనిలోకి వచ్చి ఉన్నారు. 2019లో లెబనాన్ బ్యాంకులు జనం దాచుకున్న డబ్బును కట్టడి చేశాయి. 2020లో బేరూట్ రేవు పేలుడుకు నగరం ఛిద్రమైంది. అయినా ఏడేళ్ల నియమం సడలలేదు.

ముసార్ గురించి రాసేవాళ్లు యుద్ధాన్నే ఎక్కువగా చెబుతారు. నాకు మాత్రం 1959లో ఆ తండ్రి తీసుకున్న నిర్ణయమే ఈ వైన్‌కు అసలు మూలమనిపిస్తుంది. ఇరవై ఏళ్ల కుర్రాడి చేతికి తాళాలివ్వడానికీ, ఈ ఏటి పంటను ఏడేళ్ల తర్వాతి రోజు కోసం దాచడానికీ కావలసింది ఒకే గుణం. రాబోయే కాలం మీద నమ్మకం. యుద్ధం వచ్చేనాటికే ఆ నమ్మకం ఆ ఇంట్లో పాతుకుపోయింది. అందుకే ఫిరంగుల మధ్య కూడా వాళ్లు ద్రాక్ష కోయడం మానలేదు.