లింక్స్ అవేకెనింగ్: మేలుకుంటే మాయమయ్యే దీవి

పాత వీడియో గేముల గురించి మాట్లాడేటప్పుడు మన సాఫ్ట్‌వేరోళ్ళం తరచూ ఒక మాట అంటుంటాం. "అప్పట్లో మెమరీ తక్కువ, అందుకే అంత పకడ్బందీగా రాశారు" అని. అదే ఆటలో ఏదైనా చిరాకు పెట్టిందనుకోండి, "పాపం అప్పట్లో మెమరీ లేదుగా" అని మనమే సర్దిచెప్తాం. మంచికీ చెడుకీ ఒకటే కారణమన్నమాట! ఇలా రెండు వైపులా చెల్లిపోయే మాటంటే నాకెందుకో అనుమానం.

దీన్ని తేల్చుకోడానికి 1993లో నింటెండో గేమ్ బాయ్ మీద వచ్చిన 'ది లెజెండ్ ఆఫ్ జెల్డా: లింక్స్ అవేకెనింగ్' కంటే మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. ఎందుకంటే అదే ఆటని, అదే కథతో, 2019లో స్విచ్ మీద మళ్ళీ తీశారు. పాత యంత్రానికున్న ఇబ్బందులేవీ కొత్తదానికి లేవు. హార్డ్‌వేర్ మార్చి, మిగతాదంతా అలాగే ఉంచి రన్ చేసిన టెస్ట్ లాంటిది ఇది. (కథ ముగింపు చెప్పేస్తున్నాను. ముప్ఫయ్యేళ్ళు దాటిన ఆటకి ఇంకా దాపరికమేంటి :))

ముందు యంత్రం సంగతి. గేమ్ బాయ్ 1989లో వచ్చింది. 160×144 పిక్సెల్స్ తెర, రంగుల్లేవు, నాలుగు ఛాయలంతే. తెర వెనక లైటు కూడా లేదు. 4 మెగాహెర్ట్జ్ పైచిలుకు ప్రాసెసరు, 8 కిలోబైట్ల ర్యామ్, వీడియోకి ఇంకో 8. దిక్కుల మీట, స్టార్ట్, సెలెక్ట్ తీసేస్తే ఆడటానికి మిగిలేవి ఏ, బీ అని రెండే బటన్లు. లింక్స్ అవేకెనింగ్ మొత్తం 512 కిలోబైట్ల క్యాట్రిడ్జిలో ఇమిడిపోయింది. ఇప్పుడు ఫోన్లో తీసే ఒక్క ఫోటో దానికంటే పెద్దది. మన ఊళ్ళలో తొంభైల్లో పిల్లల చేతుల్లో ఎక్కువగా కనబడింది ఇటుకలు పేర్చే చవక బ్రిక్ గేమే కాబట్టి, మనలో చాలామందికి ఈ ఆట పరిచయం ఎమ్యులేటర్ల పుణ్యమే.

ఇక ఈ ఆట పుట్టిన తీరు. 1991లో సూపర్ ఫామికామ్ మీద 'ఎ లింక్ టు ది పాస్ట్' వచ్చాక, కజుఆకి మొరిటా అనే ప్రోగ్రామర్ గేమ్ బాయ్ డెవలప్‌మెంట్ కిట్ మీద జెల్డా లాంటిదేదో సరదాగా రాయడం మొదలెట్టాడు. ఎవరూ అడిగిన పని కాదు. పని గంటలయ్యాక ఇంకొంతమంది చేరారు. అప్పటి వాతావరణం బడి వదిలాక నడిచే క్లబ్బులా ఉండేదని దర్శకుడు తకాషి తెజుకా 2009 నాటి ఒక ఇంటర్వ్యూలో గుర్తు చేసుకున్నాడు. మొదట 'ఎ లింక్ టు ది పాస్ట్'నే గేమ్ బాయ్‌కి పోర్ట్ చేద్దామనుకున్నారు, చివరికి కొత్త ఆటే తయారైంది.

చిన్న యంత్రం కదా, ఏం చేసినా పర్లేదులే అన్న ధీమా ఆటంతా కనిపిస్తుంది. మారియో ఆటల్లోని గూంబాలు ఇక్కడ తిరుగుతుంటాయి, కిర్బీ శత్రువుగా వస్తాడు. జెల్డా పేరున్న ఆటలో జెల్డా ఉండదు, ట్రైఫోర్స్ కూడా ఉండదు. 'ట్విన్ పీక్స్' అనే అమెరికన్ టీవీ సీరియల్లోలా చిన్న ఊరు, కొద్దిమంది మనుషులు, అందరూ కాస్త అనుమానంగా ఉండాలన్నది తెజుకా కోరిక. కథ రాసిన వాళ్ళలో కెన్‌సుకే తనాబే, యొషిఆకి కొయిజుమి ముఖ్యులు.

ఆ కథేంటంటే… ఓడ మునిగి లింక్ కోహొలింట్ అనే దీవికి కొట్టుకొస్తాడు. మారిన్ అనే అమ్మాయి కాపాడుతుంది. కొండ మీద పెద్ద గుడ్డు, అందులో విండ్ ఫిష్ నిద్రపోతుంటుంది. ఎనిమిది వాయిద్యాలు సంపాదించి దాన్ని లేపితేగానీ దీవి దాటి వెళ్ళలేం. ఇంతవరకూ మామూలే. ఐదు డంజన్లు పూర్తై ఆరోదానికి వెళ్ళే దారిలో ఒక గోడ మీద రాసుంటుంది: ఈ దీవి మొత్తం విండ్ ఫిష్ కంటున్న కల అని. అది లేస్తే ఊరు, మనుషులు, మారిన్… ఎవరూ మిగలరు.

ఇక్కణ్ణుంచి ఆట రుచే మారిపోతుంది. రాక్షసుల్ని చంపుతుంటే తప్పు చేస్తున్నట్టుంటుంది, ఎందుకంటే వాళ్ళకి కావలసింది ఈ కల కొనసాగడమే. దారి చూపించే గుడ్లగూబేమో నిద్ర లేపే పక్షం. మారిన్ సముద్రపొడ్డున కూర్చుని, తను సీగల్ పక్షిలా ఎగిరిపోయి దూర దేశాల్లో పాడాలని ఉందని చెబుతుంది. అది విన్నాక కూడా మీరు వాయిద్యాలు పోగేస్తూనే ఉంటారు. ఆట ఆపేయడం తప్ప వేరే దారుండదు మరి. "ప్రపంచాన్ని రక్షించు" అనే ఆటలు వందలున్నాయి. ప్రపంచాన్ని నీ చేత్తోనే చెరిపెయ్ అని, అదీ నెమ్మదిగా, జాలిగా అడిగిన ఆట నాకు తెలిసి ఇదే ముందు.

మిగతా బలాలు చకచకా చెప్పేస్తా. దీవి 16×16, అంటే 256 తెరలు. ఒక్కో తెర 10×8 గడులు. ఊరికే వదిలేసిన తెర దాదాపు లేదు. కత్తిని కూడా ఏ బటన్‌కైనా తగిలించొచ్చు, తీసెయ్యొచ్చు. అందువల్ల విల్లు, బాంబు కలిపి వాడితే పేలే బాణం, బూట్లు, ఈక కలిపితే లాంగ్ జంప్. కొట్లో దొంగతనం చేస్తే ఆటంతా మీ పేరు 'దొంగ' అయిపోతుంది, మళ్ళీ ఆ కొట్లో అడుగుపెడితే కొట్టువాడు చంపేస్తాడు.

ఇప్పుడు లోపాలు. వీటిని రెండు కుప్పలుగా పెట్టాలి.

మొదటి కుప్ప: నిజంగానే యంత్రం వల్ల వచ్చినవి. రెండే బటన్లు కాబట్టి కత్తి, డాలు, ఈక, బ్రేస్‌లెట్… ఏది కావాలన్నా మెనూ తెరిచి మార్చాలి. చివరి డంజన్లలో నడిచేదానికన్నా మెనూ తెరిచేదే ఎక్కువనిపిస్తుంది.

రెండో కుప్ప: యంత్రానికి సంబంధం లేనివి. బ్రేస్‌లెట్ తగిలించుకోకుండా బండరాయిని రాసుకుంటే చాలు, "ఇది చాలా బరువు" అంటూ మెసేజి. తగిలిన ప్రతిసారీ! బలం పెంచే వస్తువు దొరికిన ప్రతిసారీ అదే వివరణ మళ్ళీ మొదట్నుంచీ. "ఒకసారి చూపించాం" అని గుర్తుపెట్టుకోడానికి ఒక్క బిట్ చాలు. 8 కిలోబైట్లలో ఒక్క బిట్ లేకపోయిందా? అలాగే గుడ్డు లోపలి చిక్కుదారి తెలియాలంటే యోషి బొమ్మతో మొదలుపెట్టి 14 వస్తువులు ఒకటిచ్చి ఒకటి మార్చుకుంటూ భూతద్దం దాకా వెళ్ళి, దాంతో లైబ్రరీలో పుస్తకం చదవాలి. ముఖ్యమైన దారిని పక్కదారిలో దాచడం హార్డ్‌వేర్ చేసిన పని కాదు. ఇంకోటి మనవాళ్ళకి నచ్చేది: తొలి వెర్షన్లో తెర మారే క్షణంలో సరిగ్గా సెలెక్ట్ నొక్కితే లింక్ పక్క తెరలో అవతలి అంచున తేలతాడు. గోడలు, తాళాలు దాటేయొచ్చు. అచ్చం మన రేస్ కండిషన్ లాంటిదే. 1998లో వచ్చిన రంగుల 'డీఎక్స్' వెర్షన్లో దాన్ని సరిచేశారు.

మరి 2019 టెస్ట్ ఏం తేల్చింది? కత్తికి, డాలుకి, బూట్లకి తలో బటన్ ఇవ్వగానే మొదటి కుప్ప మాయం. కాబట్టి అది యంత్రం తప్పే. 14 వస్తువుల మార్పిడి మాత్రం అలాగే ఉంది, అది మనుషుల నిర్ణయం. పైగా కొత్త చోట్లకి వెళ్ళినప్పుడు తెర నత్తలా తడబడటం లాంటి కొత్త లోపాలొచ్చాయి. మెమరీ పెరిగితే లోపాలు పోతాయన్న భ్రమ కూడా దాంతో పోయింది.

అసలు ప్రశ్న కథది. బొమ్మలకొలువులా మెరిసే ఆ కొత్త దీవిలోనూ మారిన్ పాట వింటే గొంతు పట్టేస్తుంది. అంటే ఆ బాధని పుట్టించింది నాలుగు ఛాయల తెర కాదు, 8 కిలోబైట్లూ కాదు. పెద్దవాళ్ళ కళ్ళు పడని ఒక చిన్న ప్రాజెక్టులో, జెల్డా లేకుండా జెల్డా తీద్దాం, గెలుపుని నష్టంలా ముగిద్దాం అనగలిగిన కొందరు మనుషులు. చిన్న యంత్రం వాళ్ళకిచ్చింది ఆ స్వేచ్ఛ. కొరత గొప్పదని మనం పాడే పాటలో ఈ ముక్క ఎప్పుడూ ఎగిరిపోతుంది. (ఆఫీసయ్యాక ఉచితంగా పనిచేయించొచ్చని దీనర్థం కాదు. మేనేజర్లు గమనించగలరు.)

ఆడనివాళ్ళకి నా సలహా: ముందు డీఎక్స్ ఆడండి, 2023 నుంచి స్విచ్ ఆన్‌లైన్‌లో కూడా పెట్టారు. మెనూతో విసిగిపోతే 2019ది తీసుకోండి. ఏది ఆడినా ఒక్కసారి కూడా చావకుండా పూర్తి చేయడానికి ప్రయత్నించండి. అలా చేసినవాళ్ళకి మాత్రం, అంతా అయిపోయాక, ఆకాశంలో మారిన్ కనిపిస్తుంది.