సిబ్బంది రద్దు – జీవనోపాధి మార్పు: పల్నాటి ఆర్థిక చరిత్రలో ఒక ఘట్టం

పల్నాడు అనగానే కారెంపూడి రణక్షేత్రం, నాగులేటి ఒడ్డున ఉన్న వీరుల గుడి స్ఫురిస్తాయి. వీరుని పరాక్రమాన్ని గాథ పదిలపరచింది. అయితే ఆయుధం పట్టినవానిని పోషించిన ధాన్యం ఎక్కడి నుండి వచ్చింది, కొలువు పోయిన తరువాత అతని కుటుంబం దేనిపై బ్రతికింది అన్న ప్రశ్నలు అంతగా చర్చకు రాలేదు. కంపెనీ పాలన స్థిరపడిన కాలంలో, సాయుధ కొలువుపై ఆధారపడిన వర్గాలు ఇతర వృత్తులకు మళ్ళిన తీరును పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

18వ శతాబ్దిలో నేటి పల్నాడు జిల్లా ప్రాంతం సరిహద్దు సీమ. కృష్ణానదికి ఆవల నిజాం రాజ్యం; ఈవల గురజాల, మాచర్ల భాగం ఆర్కాటు నవాబుది; నరసరావుపేట, వినుకొండ వైపు గుంటూరు సర్కారు. ఆ సర్కారు 1788లో కంపెనీ వశమైంది. పల్నాడు సీమ 1801 నాటి కర్ణాటక ఒప్పందంతో అదే పాలన కిందికి వచ్చింది. పూర్వం అట్లూరుగా ఉండి, మల్రాజు వంశీయుల పేరిట నరసరావుపేటగా మారిన ఊరు జమీందారీ కేంద్రంగా ఎదిగింది. జమీందారుకు సిబ్బంది యుద్ధానికే పరిమితం కాదు. శిస్తు వసూలుకు, దారుల కాపలాకు, హోదా ప్రదర్శనకు కూడా వారే ఆధారం.

ఈ కొలువుకు ప్రతిఫలం నగదు రూపంలోనే ఉండేది కాదు. సర్కారు జిల్లాల్లో కట్టుబడి బంట్రోతులు తక్కువ పన్నుతో భూమిని అనుభవించేవారు. మొఖాసాదారులకు గ్రామాలే దక్కేవి. గ్రామ కావలివారికి పంటలో మేరలుండేవి. రైతు చెల్లించిన శిస్తులో కొంత భాగం ఈ దారిలో మళ్ళీ ఆ సీమలోనే ఖర్చయ్యేది. కమ్మరి, తోలుపనివాడు, నేతగాడు, ధాన్యపు వర్తకుడు – వీరందరి గిరాకీకి ఆ ఖర్చు తోడ్పడింది.

1802 నాటి శాశ్వత శిస్తు నిర్ణయం జమీందారును భూస్వామిగా గుర్తిస్తూనే, శాంతిభద్రతల బాధ్యతను అతని నుండి తొలగించింది. సైనిక పోషణకు ఉద్దేశించిన రాబడి ఇక పేష్కషు రూపంలో కలెక్టరు ఖజానాకు చేరవలసి వచ్చింది. కత్తి పక్కన పెట్టమన్న శాసనం వచ్చింది గాని, కత్తి పట్టినవానికి మరో పని చూపే ఏర్పాటు దానితో రాలేదు. 1832–33లో నందన నామ సంవత్సరపు డొక్కల కరవు విరుచుకుపడింది. అయిదు లక్షల జనాభా గల గుంటూరు జిల్లాలో సుమారు లక్షన్నర మంది మరణించినట్లు గెజిటీర్లు పేర్కొన్నాయి. ఆ కరవుకు మూలం వర్షాభావం. సిబ్బంది రద్దును దానికి కారణంగా చూపడం సరికాదు. కాని మెట్ట సేద్యం తప్ప మరో ఆధారం లేని సీమ ఎంత బలహీనమో అది బయటపెట్టింది. 1840వ దశకంలో జమీందారీలు బకాయిల్లో చిక్కి ప్రభుత్వ స్వాధీనమయ్యాయి. ఆ పరిస్థితులపై వాల్టర్ ఇలియట్ 1846లో నివేదిక సమర్పించాడు. దివాణాలను ఆశ్రయించి మిగిలిన కొలువులకు కూడా అంతటితో ఆధారం సడలింది.

కొలువు పోయినవారందరి గతి ఒకటి కాలేదు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషన్, అవసరం తీరిన సేవలకు చెందిన మాన్యాలపై స్వల్ప పన్ను విధించి, వాటిని అనుభవదారుల సొంత ఆస్తిగా గుర్తించింది. అందువల్ల భూమి ప్రతిఫలంగా పొందినవాడు పట్టా గల రైతు అయ్యాడు. నెలజీతపు బంటుకు ఆ అవకాశం లేదు.

లంబాడీల చరిత్ర ఈ భేదాన్ని మరింత స్పష్టం చేస్తుంది. పెరికెడ్లపై ధాన్యం మోసే ఈ సంచార వర్తకులు దక్కను సైన్యాలకు ప్రాణాధారం. కారన్‌వాలిస్ 1791–92లో మైసూరుపై, ఆర్థర్ వెల్లెస్లీ 1803లో మరాఠాలపై సాగించిన దండయాత్రల్లో వీరి సరఫరాపై ఆధారపడ్డారు. యుద్ధాలు ముగిశాక వీరికి ఉప్పు, ధాన్యాల రవాణా మిగిలింది. బండి బాటలు, ఆపై రైలు మార్గాలు దానినీ హరించాయి. ఎడ్లే ఆస్తిగా గలవారికి ఇనాం కమిషన్ ఇవ్వగలిగింది ఏమీ లేదు. పశుపోషణ, కట్టెల అమ్మకం, కూలి, అడవి అంచున మెట్ట సేద్యం వారి ఉపాధులయ్యాయి. మాచర్ల, వెల్దుర్తి, బొల్లాపల్లి ప్రాంతాల తండాలు ఆ సమూహపు నేటి స్థిర నివాసాలు. ఉప్పు, ధాన్యాల రవాణా చేసిన ఎరుకలవారికి కూడా ఇటువంటి నష్టమే కలిగింది. 1913లో అదే గుంటూరు జిల్లాలో వారికోసం వెలసిన స్టూవర్టుపురం సెటిల్‌మెంటు, ఉపాధి సమస్యను నేర సమస్యగా చూచిన పాలనాదృష్టికి నిదర్శనం.

ఉపాధుల వైవిధ్యం తరువాతి కాలంలో వచ్చింది. రైలు మార్గం నరసరావుపేట వర్తకానికి ఊతమిచ్చింది. మాచర్ల సున్నపురాయి సిమెంటు పరిశ్రమకు ముడిసరుకైంది. 1955లో శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ నుండి 1967లో కాలువలకు నీరు విడుదలైంది. ఆ నీటి మేలు కూడా మొదట ఆయకట్టులో భూమి ఉన్నవానికే అందింది.

కావున సైనిక వ్యయం ఆగిన సీమలో శాంతి తనంతట తాను ఉపాధిని సృష్టించదని పల్నాటి అనుభవం తెలుపుతున్నది. కొలువు నుండి సేద్యానికి సాగిన మార్పులో నిలదొక్కుకోవడానికి శౌర్యం గాని, శ్రమ గాని చాలలేదు. చేతిలో ఉన్న భూమి హక్కు ప్రధాన ఆధారమైంది. వీరగాథ చెప్పని ఈ చరిత్ర మాన్యాల లెక్కల్లోను, తండాల జీవనంలోను నిలిచి ఉంది.