పల్నాటి లోయ: మునిగినది, మిగిలినది



పునాది త్రవ్వునప్పుడు చెక్కిన రాయి బయల్పడినచో దానిని గడపగానో, కుడితితొట్టికి ఆనుగానో వేసికొనుట మన పల్నాట వాడుక. నేనును అట్టి గడప దాటి పెరిగినవాడనే.

అమరావతి స్తూపమునకు 18వ శతాబ్ది చివర ఇదే గతి పట్టెను. ఇండ్లకు రాయి కావలెనని దానిని త్రవ్విరి. శిల్పఫలకములు కొన్ని సున్నముగా కాలిపోయినవి. మేలైనవి పెక్కు మదరాసునకు, లండనునకు తరలినవి.

నాగార్జునకొండ కథ వేఱు. 1926లో ఒక బడిపంతులు అచ్చటి స్తంభమును చూచి ప్రభుత్వమునకు తెలిపెను. అది మూడవ శతాబ్దిలో ఇక్ష్వాకుల రాజధానియైన విజయపురి. 1955 డిసెంబరు 10న నెహ్రూగారు సాగరమునకు శంకుస్థాపన చేసిరి. లోయ మునుగుట నిశ్చయము. అయినను అంతకు ముందే, 1954లో, ఆర్. సుబ్రహ్మణ్యంగారి ఆధ్వర్యమున పురావస్తు శాఖవారు పని కుపక్రమించి 1960 వఱకు త్రవ్విరి. తొమ్మిది కట్టడములను విప్పి కొండపై తిరిగి నిలిపిరి. పదునాలుగింటికి నమూనాలు చేసిరి. రాతిమెట్ల రంగస్థలమును అనుపున కట్టిరి. తక్కిన నగరము నీటి క్రిందనే యున్నది.

ఇది రక్షణయా, నష్టమా? రెండును అందును. రాతిని ఎత్తవచ్చును గాని, అది నిలిచిన చోటును ఎత్తలేము. ఏ గోడ చెంత ఏ కుండ యుండెనో చెప్పునది ఆ చోటే. అందుచేతనే కదపకమునుపు కొలతలు, పటములు వ్రాసికొనుట.

మా గడపరాయి ఏ దిబ్బ నుండి వచ్చినదో మా తాతగారును చెప్పలేకపోయిరి.