ఆరేడు సెకన్ల దరువు

మా మండవల్లి జాతరలో డప్పు విన్నప్పుడల్లా నాకు గ్రెగరీ కోల్మన్ గుర్తుకొస్తాడు. 1969లో విన్‌స్టన్స్ బృందం ఇచ్చిన "ఆమెన్, బ్రదర్" రికార్డులో, తక్కిన వాద్యాలు ఆగగా, ఈ నల్లజాతి డ్రమ్మరు ఆరేడు సెకన్లు ఒంటరిగా వాయించాడు. ఆ ముక్కను యంత్రాలమీద కోసి, వేగం పెంచి, ఇంగ్లండు యువకులు రేవ్ నృత్యాలకు కొత్త సంగీతం కట్టారు. 1991లో వెలువడిన లెన్నీ డి ఐస్ రికార్డు "వి ఆర్ ఐ.ఇ." వాటిలో తొలినాటిది; జంగిల్ సంగీతం ఆ బాటనే నడిచింది.

అలా తీసుకోవడం తప్పా? కాదు. జానపదం చేతులు మారుతూనే పెరిగింది. కాని జానపదం సరుకు కాదు, రికార్డు సరుకు. వేల పాటల్లో ఆ దరువు మోగినా కోల్మన్‌కు పైసా ముట్టలేదు; 2006లో నిలువనీడ లేక మరణించాడు. 2015లో శ్రోతలు చందాలెత్తిన 24,000 పౌన్లు బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సర్‌కు చేరాయి. దానం న్యాయం కాజాలదు. దరువు ప్రజల సొత్తనే మనం, లండన్‌లోనైనా మండవల్లిలోనైనా, దరువు వేసిన చేతికి రావలసిన కూలిని మరువరాదు.