చెరకు నేలపై చదువుల పంట

మన ఫిజీ తెలుగు కుటుంబములలో బిడ్డల ఉన్నత విద్యకు సొమ్ము సమకూర్చుట నేటికిని పెద్ద చింతయే. ఈ సందర్భమున మన పసిఫిక్ మహాసముద్రమునందే గల మరియొక చెరకు దీవి చరిత్రను స్మరించుట ఉచితమని తలంచుచున్నాము.

హవాయిలోని ఓహూ దీవి ఈశాన్య తీరమున లాయియే అను గ్రామము కలదు. 1865లో మోర్మనులను క్రైస్తవ శాఖవారు అచ్చటి భూమిని కొని చెరకు పండించిరి. 1955లో అచ్చటనే కళాశాలను స్థాపించిరి. సమోవా, టోంగా, ఫిజీ మొదలగు దీవులనుండి విద్యార్థులు వచ్చిరి. కాని వారిలో పలువురకు రుసుము చెల్లించు శక్తి లేదు. ఆ చిన్న గ్రామమున ఉద్యోగములును లేవు.

అంతకు పూర్వమే, 1948లో, అగ్నికి ఆహుతియైన తమ ప్రార్థనామందిరమును మరల నిర్మించుటకై గ్రామస్థులు హుకిలావ్ అను వలలాగు వేడుకను, విందును, నాట్యములను జరిపి యాత్రికులనుండి ధనము కూర్చిరి. ఆ యనుభవమే దారి చూపెను. 1963 అక్టోబరు 12న పాలినీషియన్ సాంస్కృతిక కేంద్రము తెరువబడినది. వందకు పైగా శ్రామికులు సేవాభావముతో దానిని నిర్మించిరి. తొలినాళ్లలో ప్రదర్శనశాల శనివారములందు మాత్రమే నిండెడిది. క్రమముగా నది హవాయిలో ప్రసిద్ధ దర్శనీయ స్థలమైనది.

విద్యార్థులు చదువు సాగుచుండగా వారమునకు సుమారు ఇరువది గంటలు అచ్చట పనిచేయుదురు. ఒకడు కొబ్బరికాయ యొలిచి చూపును, ఒకతె నాట్యమాడును, మరియొకరు వంటశాలలో శ్రమింతురు. ఆ వేతనము చదువు ఖర్చునకు తోడగును. ఒక పథకము క్రింద, చదువు ముగించి స్వదేశమునకు మరలి పనిచేయువారికి విద్యా ఋణము మాఫీ యగును.

ఇందు లోపములు లేవని చెప్పము. యాత్రికులకై సంస్కృతిని తేలికపరచి చూపుచున్నారని కొందరు పండితులు విమర్శించిరి. ఒక దీవి బాలుడు వేరొక దీవి నాట్యమాడుటయు కలదు. అచ్చటి ఫిజీ గ్రామము మూలవాసుల జీవనమును చూపునదే. 1903 మొదలు దక్షిణ భారతమునుండి చెరకు తోటలకు వచ్చిన మన పూర్వుల కథ యది కాదు.

అయినను మనము గ్రహింపవలసిన దొకటి కలదు. గిర్మిట్ కాలమున మన పెద్దలు చెరకు నరికి స్వల్పమైన కూలి మాత్రమే పొందిరి. వారి వెంట వచ్చిన పాటలకు, భజనలకు ఎవరును వెల కట్టలేదు. లాయియేలోనో, ఒకనాటి చెరకు నేలమీదనే, పెద్దలు నేర్పిన విద్య పిల్లల కళాశాల రుసుమైనది.

కళను అమ్ముకొనుడని మా యభిప్రాయము కాదు. శ్రమించి చదువుట చిన్నతనము కాదనియు, తాత నేర్పిన పాట పనికిమాలినది కాదనియు మాత్రమే మనవి చేయుచున్నాము. “మీ వారి కళ యేది?” యని పరదేశమున ఎవరైన నడిగిన, మన బిడ్డ తల వంచుకొనవలసిన స్థితి రాకూడదు. కావున తల్లిదండ్రులు ఆదివారము భజనకు తమతోపాటు పిల్లలను కూడ తోడ్కొని రావలయునని ప్రార్థించుచున్నాము.

శుభమ్.