వేళ్లలా దిగే పునాదులు: మైక్రోపైల్ కథ

కోల్‌కతాలో హుగ్లీ నది ఒడ్డున గార్డెన్ రీచ్ అనే ప్రాంతం ఉంది. ఆగ్నేయ రైల్వే ప్రధాన కార్యాలయం అక్కడే. 2003 వరకు మన వాల్తేరు డివిజన్ ఆ రైల్వేలో భాగంగా ఉండేది. 2024 మార్చి 17 అర్ధరాత్రి గార్డెన్ రీచ్‌లో కడుతూ ఉన్న అయిదంతస్తుల భవనం పక్కనున్న పేదల ఇళ్లమీద కూలింది. పదిమందికి పైగా మరణించారు. ఆ భవనానికి నగరపాలక సంస్థ అనుమతి లేదు. ఇరుకు సందుల్లో, మెత్తని నేలమీద కట్టడాన్ని భద్రంగా నిలపడం ఎలా? ఇంజనీర్లు కనుగొన్న ఒక మార్గాన్ని ఇప్పుడు పరిశీలిద్దాం.

ముందుగా నేల సంగతి. కోల్‌కతాలో చాలాచోట్ల పైన నాలుగైదు మీటర్లు కాస్త గట్టి మట్టి ఉంటుంది. దాని కింద సుమారు 12–15 మీటర్ల లోతు వరకు మెత్తని నల్లని బంకమన్ను. గట్టి పొర ఆ తరువాతే. మెత్తని పొర భారానికి నెమ్మదిగా అణిగి, కట్టడం కుంగుతుంది. అందుకే భారాన్ని లోపలి గట్టి పొరకు అందించే పైల్స్ వేస్తారు. అయితే పెద్ద యంత్రం సందులోకి రాదు. పైల్‌ను మోది దించితే ఆ అదురుకు పొరుగు గోడలు పగలవచ్చు.

రెండవ ప్రపంచ యుద్ధం తరువాత ఇటలీలో ఇటువంటి చిక్కే వచ్చింది. దెబ్బతిన్న పాత కట్టడాలను కదల్చకుండా వాటి పునాదులను బలపరచాలి. ఉక్కు కొరతగా ఉంది. 1952లో ఫెర్నాండో లిజ్జీ అనే ఇంజనీరు చిన్న యంత్రంతో సన్నని బోరు వేసి, మధ్యలో ఉక్కు కడ్డీ నిలిపి, సిమెంటు గ్రౌటు నింపే పద్ధతిని రూపొందించాడు. చెట్టు వేళ్లను తలపించే ఆ పైల్‌కు ‘వేరు పైల్’ అనే అర్థమిచ్చే ఇటాలియన్ పేరు పెట్టారు. 300 మిల్లీమీటర్ల లోపు వ్యాసం గల ఇటువంటి వాటినే నేడు మైక్రోపైల్స్ అంటున్నాం.

సన్నని పైల్ అంత భారం ఎలా మోస్తుంది? లెక్క వేసి చూడండి. 600 మిల్లీమీటర్ల వ్యాసం గల ఒక పైల్‌కు పట్టే కాంక్రీటుతో, అదే పొడవుగల 200 మిల్లీమీటర్ల పైల్స్ తొమ్మిది వేయవచ్చు. అప్పుడు మట్టిని తాకే పక్క ఉపరితలం మూడింతలవుతుంది. గ్రౌటుకూ మట్టికీ మధ్య ఘర్షణే ఇక్కడ బలం. అయితే పైల్స్ మరీ దగ్గరగా ఉంటే ఆ లాభం తగ్గుతుంది. మెత్తని పొరలో సన్నని పైల్ వంగకుండా కూడా చూడాలి.

అప్పటి లెక్కల ప్రకారం అటువంటి పైల్ 100 కిలోన్యూటన్ల లోపు భారమే మోయాలి. నిజంగా భారం వేసి పరీక్షిస్తే 400 కిలోన్యూటన్లకు పైగా మోసింది. ఈ పద్ధతి 1962లో బ్రిటన్‌కు, 1970 దశకంలో అమెరికాకు చేరింది.

ఇక్కడ మీరు ఒక విషయం గమనించాలి. వేరు పైల్‌పై నమ్మకం కుదిర్చింది పరీక్షే. లిజ్జీ పైల్ లెక్కకు మించి మోసింది. మరొక నేలలో మరొక పైల్ లెక్కకు తక్కువే మోయవచ్చు. నేలను తవ్వి చూడనిదే, పైల్‌పై భారం వేసి చూడనిదే ఆ తేడా తెలియదు. భవనానికి అనుమతి కోరినప్పుడు నేల పరీక్ష నివేదిక, ఇంజనీరు సంతకం అడిగేది ఇందుకే. అనుమతి లేకుండా లేచే కట్టడంలో ఆ ప్రశ్నలు అడిగేవారే ఉండరు. మీ వీధిలో కొత్త భవనానికి పునాది తవ్వుతున్నప్పుడు, నేల పరీక్ష జరిగిందా అని మీరు అడగండి.