పట్నంలో ఎక్కడ దిగాలి?

పసుపు నిజామాబాద్ యార్డులో అమ్ముడై డబ్బు చేతికందాక ఆర్మూరులో చాలా ఇళ్లకు హైదరాబాద్ పట్నంలో పని పడుతుంది. పెళ్లి బట్టలు, బంగారం, ఆస్పత్రి, లేదంటే కొడుకు వీసా. వెనకట ఇలా బయల్దేరేవాళ్లను "ఎవరింట్ల దిగుతరు?" అని అడిగేవాళ్లు. ఇప్పుడు "ఏ హోటల్ల?" అంటున్నారు. ఈ మార్పు వెనక నూరేళ్లకు పైబడిన కథ ఉంది.

మొదట్లో బాటసారికి సరాయే దిక్కు. 1874లో సికింద్రాబాద్, 1907లో నాంపల్లి స్టేషన్లు వచ్చాక బస రైలు వెంట నడిచింది. నాంపల్లి స్టేషన్ దగ్గర 1919లో, ఏడో నిజాం ఏలుబడిలో, రాతి సరాయి వెలిసింది. నేటికీ ఈ రెండు స్టేషన్ల చుట్టూ లాడ్జీల బోర్డులే. రైలు దిగినవాడికి తల దాచుకునే చోటు కావాలి గానీ సోకు కాదు.

సోకు కథ వేరే దారిన వచ్చింది. కేంబ్రిడ్జిలో చదివొచ్చిన నిజామత్ జంగ్ 1915లో నౌబత్ పహాడ్ పక్కన హిల్‌ఫోర్ట్ ప్యాలెస్ కట్టించుకున్నాడు. కేంబ్రిడ్జి ట్రినిటీ కాలేజీ పోలికలు ఆ భవనంలో కనిపిస్తాయి. తర్వాత అది నిజాం చేతికి, రెండో కొడుకు మొఅజ్జం జా నివాసానికి మారి, ఆ తర్వాత చాలా ఏళ్లు రిట్జ్ హోటల్‌గా నడిచింది. సంస్థానం పోయాక కొన్ని నవాబుల మేడలకు అద్దె కట్టే అతిథులే ఆధారమయ్యారు. పైగా వంశపు అమీరు వికారుల్ ఉమ్రా కట్టించిన ఫలక్‌నుమా కూడా ఏళ్ల తరబడి తాళం పడి, 2010లో తాజ్ హోటల్‌గా తెరుచుకుంది. నూటొక్క మంది ఒకేసారి కూర్చునే భోజనాల బల్ల చూడాల్సిందే. అయితే మాదాపూర్‌లో పొద్దున్నే పనున్నవాళ్లు అక్కడ దిగితే సగం రోజు కారులోనే గడుస్తుంది.

ఈలోగా ఊరు పడమటికి జరిగింది. 1930ల ప్రాంతంలో నిజాం ప్రభుత్వ అధికారి మెహదీ నవాజ్ జంగ్ బంజారాహిల్స్ బండల మధ్య ఇల్లు కట్టుకుంటే వింతగా చూశారు. అవే గుట్టల మీద రోడ్ నంబర్ ఒకటిలో తర్వాత స్టార్ హోటళ్లు లేచాయి. 1998లో సైబర్ టవర్స్, 2006లో హెచ్ఐసీసీ సమావేశ కేంద్రం వచ్చాక ఖరీదైన గదులు మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి వైపు సాగాయి. బేగంపేట పైగా ప్యాలెస్‌లో ఉన్న అమెరికా కాన్సులేట్ కూడా 2023లో నానక్‌రామ్‌గూడకు మారింది. వీసా కోసం బేగంపేటలో గది తీసుకునే పాత అలవాటుకు ఇక అర్థం లేదు.

కాబట్టి ముందు పని ఎక్కడో చూసుకోండి. జనరల్ బజార్‌లో బట్టలు, బంగారం కొనాలంటే సికింద్రాబాదే మేలు, ఆర్మూరు బస్సు ఆగే జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) దగ్గరే. ఐటీ కంపెనీల వైపు పనుంటే జేబీఎస్‌ను ఆనుకున్న పరేడ్ గ్రౌండ్‌లో మెట్రో ఎక్కితే, రైలు మారకుండా హైటెక్ సిటీ, రాయదుర్గం చేరుకోవచ్చు. స్టేషన్‌కు నడిచే దూరంలో ఉన్న మామూలు హోటల్, ట్రాఫిక్ దాటాల్సిన స్టార్ హోటల్ కంటే నయమని నా లెక్క. లాబీలోని పాలరాయిని చూసి మోసపోకండి. పెళ్లి ముహూర్తాల రోజుల్లో గదులు దొరకవు, ఊరి నుంచి కదలకముందే ఫోన్ చేసి మాట్లాడుకోండి.